డ్రాగన్ బాల్ ఫైటర్‌జ్: ఏళ్ల తరబడి ఆడాక తేలిన మంచీ చెడూ

డ్రాగన్ బాల్ ఫైటర్‌జ్ కొనేముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఎదురుగా మనిషిని పెట్టుకుని ఆడతారా, లేక కథ చూసేసి పక్కన పడేస్తారా? కథ కోసమే అయితే ఇది మామూలు గేమ్. మనిషితో పోటీకి అయితే మాత్రం, అనిమే (జపాన్ కార్టూన్) ఆధారంగా వచ్చిన ఫైటింగ్ గేముల్లో దీనికి సాటి వచ్చేది నాకింతవరకూ కనబడలేదు. చేసింది ఆర్క్ సిస్టమ్ వర్క్స్, విడుదల చేసింది బందాయ్ నామ్‌కో. 2018 జనవరి 26న పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్, పీసీలకు వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో స్విచ్‌కి, 2024 ఫిబ్రవరి 29న పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ మెషీన్లకు వచ్చింది. మొదట్లో 24 మంది ఫైటర్లు ఉండేవారు. తర్వాత విడిగా అమ్మినవాళ్లతో కలిపి 2022 నాటికి 44 మంది అయ్యారు. ముగ్గురితో ఒక జట్టు, ఒక్కొక్కరికి 10,000 హెల్త్. అవతలి ముగ్గురినీ పడగొడితే గెలిచినట్టు.

అనిమే గేములంటే చాలామందికి గుర్తొచ్చేది వీపు వెనక కెమెరా, పెద్ద మైదానం, రెండు బటన్లు నొక్కితే మెరుపులు. ఇది ఆ బాపతు కాదు. పక్కనుంచి చూసే టూడీ ఫైటింగ్. ప్రతి దెబ్బకీ లెక్క ఉంటుంది, ప్రతి దెబ్బకీ విరుగుడూ ఉంటుంది.

బొమ్మ గురించి

తెర మీద కనిపించేది చేత్తో గీసిన కార్టూన్‌లా ఉంటుంది కానీ అవన్నీ అన్‌రియల్ ఇంజిన్ 4లో చేసిన త్రీడీ మోడళ్లే. మామూలు త్రీడీ గేముల్లో ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకి మధ్య కదలికను కంప్యూటరే మెత్తగా నింపేస్తుంది. ఇక్కడ అలా నింపనివ్వలేదు. యానిమేటర్లు ఒక్కో భంగిమనూ విడిగా పెట్టి, మధ్య బొమ్మలు కావాలనే తగ్గించి, అనిమేలోలాగే ఒక పోజులో క్షణం ఆగి తర్వాతి పోజుకి దూకేట్టు చేశారు. ఇదే స్టూడియో గిల్టీ గేర్ ఎక్స్‌ఆర్‌డీలో పట్టుకున్న పద్ధతి ఇది. దాన్ని ఇక్కడ ఇంకా పదునుపెట్టారు.

దీని వల్ల అందం ఒక్కటే కాదు, ఆటకి కూడా లాభం ఉంది. గేమ్ సెకనుకి 60 ఫ్రేములతో నడుస్తుంది. పోజులు మాత్రం విడివిడిగా, స్పష్టంగా కనబడతాయి. అవతలివాడు ఎత్తింది లైట్ దెబ్బో హెవీ దెబ్బో చెయ్యి కదలగానే తెలిసిపోతుంది. తెర నిండా కాంతి, పొగ, అరుపులు ఉన్నా ఫైటర్ ఆకారం వాటిలో కలిసిపోదు. ఇన్నేళ్లు ఆడినా కళ్లు అలసిపోకపోవడానికి నా దృష్టిలో కారణం ఇదే.

అభిమానుల కోసం దాచిన తాయిలాలూ ఉన్నాయి. ధ్వంసమైన నామెక్ స్టేజ్ మీద సూపర్ సయాన్ గోకూతో ఫ్రీజాని చివరి ఫైటర్‌గా మిగిల్చి, ఆఖరి దెబ్బ హెవీతో వేస్తే అనిమేలోని ఆ ఘట్టమే మళ్లీ ఆడుతుంది. సెల్ గేమ్స్ అరీనాలో చిన్న గోహాన్‌కీ సెల్‌కీ మధ్య కూడా అలాంటిదే ఉంది. కార్టూన్ నెట్‌వర్క్‌లో ఈ సీరియల్ చూసి పెరిగినవాళ్లకి ఆ కోణాలు, ఆ భంగిమలు చూడగానే గుర్తొస్తాయి. గొంతులు జపనీస్, ఇంగ్లీష్ మాత్రమే. తెలుగు మాట గానీ తెలుగు సబ్‌టైటిల్స్ గానీ లేవు. కథలో మాటలు చాలా ఎక్కువ కాబట్టి ఇంగ్లీష్ చదవడం రాని పిల్లలకి కొనిస్తుంటే ఇది గుర్తుంచుకోండి.

బటన్లు: తేలిక ఎక్కడిదాకా

ప్లేస్టేషన్ కంట్రోలర్‌లో స్క్వేర్ లైట్, ట్రయాంగిల్ మీడియం, సర్కిల్ హెవీ, క్రాస్ స్పెషల్. స్పెషల్ అంటే చాలామందికి కీ బ్లాస్ట్, అంటే చేతిలోంచి వదిలే శక్తి గోళీ. ముఖ్యమైన పనులన్నీ పక్కపక్కన ఉన్న రెండు బటన్లను కలిపి నొక్కితే వస్తాయి. హెవీ, స్పెషల్ కలిపితే సూపర్ డ్యాష్. లైట్, మీడియం కలిపితే డ్రాగన్ రష్. మీడియం, హెవీ కలిపితే వ్యానిష్, అంటే మాయమై అవతలివాడి వెనక తేలి కొట్టడం. లైట్, స్పెషల్ కలిపితే కీ ఛార్జ్, అంటే శక్తి గేజ్ నింపుకోవడం. బొటనవేలు కొంచెం పరిచి నొక్కితే చాలు. సూపర్ డ్యాష్, డ్రాగన్ రష్, ఇద్దరు అసిస్ట్‌లు (పిలిస్తే వచ్చి కొట్టి వెళ్లే సహచరులు) పైన భుజాల బటన్ల మీద కూడా ఉంటాయి. మొదట్లో వాటినే వాడండి. రెండు బటన్లు ఒకే క్షణంలో పడకపోతే సూపర్ డ్యాష్‌కి బదులు ఉత్త హెవీ వచ్చి కాంబో, అంటే ఆగకుండా పడే దెబ్బల వరస, తెగిపోతుంది.

స్పెషల్ మూవ్‌లన్నీ దాదాపుగా పావు చుట్టు తిప్పుడే. కింద నుంచి ముందుకి, లేదా కింద నుంచి వెనక్కి. పాత ఫైటింగ్ గేముల్లోలాగా ముందుకి-కిందకి-వాలుగా తిప్పే మెలికలు, పూర్తి చుట్లు ఇందులో లేవు. గోకూ కమేహమేహా తిప్పడం వస్తే మిగతావాళ్లవీ వచ్చినట్టే. లైట్ బటన్ ఒక్కటే వరసగా నొక్కుతూ పోతే ఆటో కాంబో దానంతటదే పడుతుంది. శక్తి గేజ్‌లో కనీసం ఒక గడి (బార్) నిండి ఉంటే చివర్లో సూపర్ అనే పెద్ద దెబ్బ కూడా వస్తుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆటో కాంబోతో పది ఇరవై మ్యాచులు గెలిచేసరికి గేమ్ వచ్చేసిందనుకుంటారు. ఆ కాంబోకి డ్యామేజ్ తక్కువ. అది పూర్తయ్యాక అవతలివాడు పడే చోటు కూడా మనకి కలిసిరాదు. పైగా అది బార్‌ని మన ఇష్టంతో సంబంధం లేకుండా ఖర్చుపెట్టేస్తుంది. గేజ్‌లో మొత్తం 7 బార్లు పడతాయి. మామూలు సూపర్‌కి 1, మూడో స్థాయి సూపర్‌కి 3, వ్యానిష్‌కి 1, చాలా స్పెషల్ మూవ్‌ల హెవీ రకానికి అర బార్. అవతలివాడి ఫైటర్ చావుకి దగ్గరగా ఉన్నప్పుడు ముగించడానికి బార్లు మిగలాలి. ఆటో కాంబో అలవాటైనవాళ్లకి సరిగ్గా అప్పుడే గేజ్ ఖాళీగా ఉంటుంది.

అసలు ఆట: సూపర్ డ్యాష్, దానికి విరుగుడు

గేమ్ మొత్తంలో ఒక్క మూవ్‌ని అర్థం చేసుకోవాలంటే అది సూపర్ డ్యాష్. తెర ఈ చివర నుంచి ఆ చివరకి, పైనున్నా కిందున్నా, అవతలివాణ్ణి వెతుక్కుంటూ ఎగిరి వెళ్తుంది. దారిలో వచ్చే మామూలు కీ బ్లాస్ట్‌లని ఖాతరు చేయదు, చీల్చుకుపోతుంది. తగిలితే అక్కడి నుంచి పూర్తి కాంబో. కొత్తవాళ్లు దీనితోనే గెలుస్తారు, కొత్తవాళ్లు దీనితోనే ఓడతారు.

దానికి విరుగుడు కింద ప్లస్ హెవీ, అంటే కిందకి నొక్కి పట్టి హెవీ. దాదాపు ప్రతి ఫైటర్‌కీ ఈ దెబ్బ ఉంది. పైనుంచి వచ్చేవాణ్ణి కొట్టడానికే పెట్టారు. సూపర్ డ్యాష్ బయలుదేరగానే, అది మీదాకా వచ్చేలోపు కింద ప్లస్ హెవీ వేస్తే వచ్చినవాడు గాల్లోకి లేస్తాడు. వెంటనే మీరు సూపర్ డ్యాష్ వేసి కాంబో మొదలుపెట్టొచ్చు. కానీ ఊరికే ముందస్తుగా వేసి అది గాలికి పోతే, చెయ్యి వెనక్కి రావడానికి చాలాసేపు పడుతుంది. అప్పుడు దెబ్బలు తినేది మీరే. అందుకని ఊహించి కాదు, చూసి వేయాలి. ప్రాక్టీస్ మోడ్‌లో డమ్మీ కదలికలను రికార్డ్ చేసుకోవచ్చు. ఒకదాంట్లో వెంటనే సూపర్ డ్యాష్, ఇంకోదాంట్లో ఆగి కీ బ్లాస్ట్, మూడోదాంట్లో ఉత్త గెంతు రికార్డ్ చేసి, ఏది వస్తుందో తెలియకుండా ఆడించుకోండి. సూపర్ డ్యాష్‌కి మాత్రమే చెయ్యి లేవాలి. కాంబోలు నేర్చుకోవడం కన్నా ముందు ఇది చేస్తే ర్యాంక్ తొందరగా పెరుగుతుంది.

సూపర్ డ్యాష్‌ని వాడేవైపు నుంచి చూస్తే, అసిస్ట్ తోడు లేకుండా వెళ్లడం కబడ్డీలో కోర్టు చివరిదాకా కూతకి వెళ్లి తిరిగొచ్చే దారి మర్చిపోవడం లాంటిది. అవతలివాడు బ్లాక్ చేశాడంటే తర్వాతి వంతు వాడిది. అదే ముందు అసిస్ట్‌ని పిలిచి, అసిస్ట్ దెబ్బని వాడు బ్లాక్ చేస్తుండగా వెళ్తే, వాడికి కింద ప్లస్ హెవీ వేసే వీలే ఉండదు. మీరు చేరేసరికి వాడింకా బ్లాక్‌లోనే ఉంటాడు. ఇక దాడి మీది. ఈ గేమ్‌లో ఎత్తుగడంతా ఈ చిన్న తేడాలోనే ఉంది: అసిస్ట్ ముందా, మీరు ముందా. ఒకసారి పిలిచాక అసిస్ట్ మళ్లీ రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ విరామంలో అవతలివాడు ముందుకొస్తాడు. బాగా ఆడేవాళ్లు తమ అసిస్ట్ గుర్తు కన్నా అవతలివాడి అసిస్ట్ గుర్తునే ఎక్కువ చూస్తుంటారు.

రిఫ్లెక్ట్ అని ఇంకోటుంది, వెనక ప్లస్ స్పెషల్. వచ్చే దెబ్బని తోసేసి, కొట్టేవాణ్ణి దూరంగా నెట్టేస్తుంది. దీనికి డ్రాగన్ రష్ లొంగదు. డ్రాగన్ రష్‌ని బ్లాక్ కూడా చేయలేం. అది పట్టుకునే దెబ్బ. గెంతి తప్పించుకోవాలి, లేదా అదే క్షణంలో మీరూ లైట్, మీడియం కలిపి నొక్కాలి. డ్రాగన్ రష్ తగిలాక అసిస్ట్ బటన్ నొక్కితే అవతలి జట్టులో వెనకున్నవాణ్ణి బలవంతంగా ముందుకి లాక్కురావచ్చు. దెబ్బలు తిని వెనక్కి వెళ్లినవాడికి నీలం రంగు హెల్త్ మెల్లగా తిరిగొస్తుంటుంది. వాణ్ణి కోలుకోనివ్వకుండా లాగి కొట్టడం చాలా మ్యాచుల్లో ఫలితాన్నే తిప్పేస్తుంది. అయినా మధ్యస్థాయి వాళ్లు దీన్ని దాదాపు వాడరు.

అందరికీ పనికొచ్చే కాంబో, అది ఎక్కడ తెగుతుంది

ఎక్కువమంది ఫైటర్లకి సరిపోయే వరస ఇది. కింద మీడియం, నిలబడి మీడియం, గెంతు. గాల్లో మీడియం, లైట్, లైట్, కింద ప్లస్ హెవీ. వెంటనే సూపర్ డ్యాష్. మళ్లీ గాల్లో మీడియం, లైట్, లైట్, ఆ తర్వాత ఆ ఫైటర్ స్పెషల్ మూవ్, చివర సూపర్. ఒక బార్ ఖర్చుతో అవతలి ఫైటర్ హెల్త్‌లో ఇంచుమించు మూడో వంతు పోతుంది.

కాగితం మీద తేలిగ్గా ఉన్నా ఇది మూడు చోట్ల తెగుతుంది. మొదటిది ఆ రెండు లైట్ల దగ్గర. కంగారులో మూడోసారి నొక్కితే గేమ్ దాన్ని ఆటో కాంబోగా లెక్కేసి తన సొంత దెబ్బ వేసేస్తుంది, వరస చెడుతుంది. సరిగ్గా రెండే నొక్కాలి. రెండోది, రెండో లైట్ తర్వాత కింద ప్లస్ హెవీని మరీ తొందరగా వేయడం. ఆ దెబ్బ అవతలివాణ్ణి పైకి లేపాలి. లైట్ తగిలిన చప్పుడు విని, చిటికెడు ఆగి వేస్తే ఇద్దరి ఎత్తూ సరిపోతుంది. మూడోది సూపర్ డ్యాష్. పైకి లేచినవాడు కాస్త ఆగితే గాల్లోనే తేరుకుని బ్లాక్ చేసేస్తాడు. అందుకని కింద ప్లస్ హెవీ తగలగానే వెళ్లిపోవాలి, ఆ దెబ్బ యానిమేషన్ పూర్తయ్యేదాకా ఆగకూడదు.

గేమ్‌లో కాంబో ఛాలెంజ్‌లు ఉన్నాయి, ఒక్కో ఫైటర్‌కి పదేసి. బటన్ల వరసకి వేలు అలవాటు పడటానికి బాగున్నాయి. కానీ వాటిలో సగం వరసలు నిజం మ్యాచ్‌లో ఎవరూ వాడరు. ఏ పరిస్థితిలో ఏ కాంబో వేయాలో ఎక్కడా చెప్పరు. ట్యుటోరియల్ కూడా అంతే. అసిస్ట్ బటన్ ఏదో చూపిస్తారు, ఎప్పుడు పిలవాలో చెప్పరు. ఆర్క్ సిస్టమ్ వర్క్స్ వాళ్లు ఇతర గేముల్లో చాలా మంచి ట్యుటోరియల్స్ చేశారు కాబట్టి ఈ లోటు ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

జట్టు ఎలా కట్టాలి

ఇష్టమైన ముగ్గుర్ని తీసుకోవడంలో తప్పు లేదు, ఈ గేమ్ కొనేది అందుకే. అయితే వరస ముఖ్యం. ముందు నిలబడేవాడికి బార్లు లేకపోయినా దాడి చేయగలిగే సత్తా ఉండాలి. రెండోవాడు మంచి అసిస్ట్ ఇవ్వాలి. ఆఖరివాడు ఒంటరిగా మిగిలినా, కూడబెట్టిన బార్లని డ్యామేజ్‌గా మార్చగలగాలి. 2020లో వచ్చిన మూడో సీజన్ అప్‌డేట్ ఒక్కొక్కరికి మూడేసి అసిస్ట్‌లు పెట్టింది, సెలెక్ట్ చేసేటప్పుడే ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఆఖరి ఫైటర్‌కి దెబ్బ బలం పెరగడం కూడా అప్పుడే వచ్చింది. నా లెక్కలో గేమ్‌కి జరిగిన అతి మంచి మార్పు అదే. అంతకుముందు మంచి అసిస్ట్ లేదన్న ఒక్క కారణంతో పక్కనపడిన ఫైటర్లు మళ్లీ బయటికొచ్చారు.

మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పే జట్టు: సెల్, సూపర్ సయాన్ వెజిటా, సూపర్ సయాన్ గోకూ. ముగ్గురూ మొదటి 24 మందిలోనే ఉన్నారు, అదనంగా కొనక్కర్లేదు. సెల్‌కి అన్నీ ఉన్నాయి, ఏదీ అతి కాదు. వెజిటా చెయ్యి పొట్టి, ముందు నిలబెడితే ఇబ్బందే. కానీ వరసగా గోళీలు కురిపించే అతని మొదటి అసిస్ట్ అవతలివాణ్ణి చాలాసేపు బ్లాక్‌లో కట్టేస్తుంది. పైన చెప్పిన సూపర్ డ్యాష్ ఎత్తుగడ నేర్చుకోవడానికి అంతకన్నా మంచిది లేదు. గోకూ కమేహమేహా అసిస్ట్ తెర చివరిదాకా వెళ్తుంది.

కొత్తవాళ్లు మొదటే పట్టుకోకూడని వాళ్లూ ఉన్నారు. హిట్ చూడ్డానికి గంభీరంగా ఉంటాడు కానీ అవతలివాడి మనసు చదవడం మీద నడిచే ఫైటర్. నప్పా సైబామెన్ విత్తనాలు నాటి వాటితో కలిసి దాడి చేయాలి, రెండు చోట్ల కళ్లు పెట్టాలి. పెద్ద గోహాన్ బార్లు ఖర్చుపెట్టి స్థాయి పెంచుకుంటేనే నిజంగా బలవంతుడు. స్థాయి పెంచాక మిగిలిన జట్టుకి బార్లు ఉండవు. టియెన్ నియో ట్రైబీమ్ అదనపు దెబ్బలకి సొంత హెల్త్ చెల్లించాలి. ఫ్రీజా బంగారు రూపం అద్భుతం, అది దిగిపోయాక మాత్రం నీరసపడతాడు. మూలకథలో వాళ్ల స్వభావం ఏమిటో ఆడే తీరు కూడా అదే. ఈ విషయంలో స్టూడియోకి వందకి వంద మార్కులు. టియెన్ ప్రాణం పెట్టి సెల్‌ని ఆపిన ఘట్టం తెలిసినవాడికి ఆ మూవ్ ఎందుకలా ఉందో ఎవరూ చెప్పక్కర్లేదు.

2022 ఫిబ్రవరిలో వచ్చిన ల్యాబ్ కోట్ ఆండ్రాయిడ్ 21 మొదట్లో మరీ అన్యాయంగా బలంగా ఉండేది. తర్వాత ప్యాచ్‌తో తగ్గించారు. ఇంకా బలమైనదే, కాకపోతే ఎదుర్కోలేనంత కాదు.

దెబ్బలు తినేవైపు

ఈ గేమ్ మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇక్కడ ఉంది. కాంబోలు పొడుగు. ఒక్కసారి దొరికితే కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని చూడటమే. దెబ్బల మధ్యలో తెంచుకుని బయటపడే ఉపాయం ఇతర ఫైటింగ్ గేముల్లో ఉంటుంది, ఇక్కడ లేదు. స్పార్కింగ్ బ్లాస్ట్ అని మ్యాచ్‌కి ఒక్కసారి వాడేది ఉంది. డ్యామేజ్ పెరుగుతుంది, నీలం హెల్త్ తిరిగొస్తుంది, జట్టులో ఎంత తక్కువమంది మిగిలితే అంత ఎక్కువసేపు ఉంటుంది. కానీ దెబ్బలు తింటుండగా దాన్ని వాడలేం. బ్లాక్ చేస్తుండగా మాత్రం ఒక బార్ ఇచ్చి, ముందు ప్లస్ అసిస్ట్ నొక్కితే సహచరుడు దూసుకొచ్చి అవతలివాణ్ణి కొట్టి మీ చోటు తీసుకుంటాడు. బ్లాక్‌లో ఇరుక్కున్నప్పుడు చాలామంది చేతికొచ్చిన బటన్లన్నీ నొక్కేస్తారు. ఆ పని మానేసి ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే సగం ఓటములు తగ్గుతాయి.

ఒక ఫైటర్ పడిపోయాక తర్వాతివాడు లోపలికొచ్చే క్షణం కూడా ప్రమాదమే. గాల్లోంచి దిగుతుండగానే అవతలివాడు ఎడమా కుడీ తెలియకుండా కొడతాడు. బాగా ఆడేవాళ్ల చేతిలో అక్కడే రెండోవాడూ పోతాడు.

ఏడు డ్రాగన్ బాల్స్ పోగుచేసి వరాలిచ్చే డ్రాగన్ షెన్‌రాన్‌ని పిలవడం కూడా ఉంది. కాంబోలు వేసేకొద్దీ బంతులు చేరతాయి. లెక్క ఇద్దరికీ ఉమ్మడి. ఏడూ చేరాక, గేజ్‌లో 7 బార్లు నిండి ఉండగా లైట్ ఆటో కాంబో పూర్తిచేసినవాడికే వరం. పడిపోయినవాణ్ణి బతికించుకోవచ్చు, హెల్త్ నింపుకోవచ్చు, బలం పెంచుకోవచ్చు, మెల్లగా కోలుకునే శక్తి అడగొచ్చు. సరిసమానుల మ్యాచ్‌లో ఇది అరుదుగా జరుగుతుంది, జరిగిన రోజు మాత్రం ఇల్లంతా అరుపులే.

ఒంటరిగా ఆడేవాళ్లకి

కథలో మూడు భాగాలు: వీరుల వైపు, శత్రువుల వైపు, ఆండ్రాయిడ్ 21 వైపు. ఆండ్రాయిడ్ 21 రూపకల్పన డ్రాగన్ బాల్ సృష్టికర్త అకీరా తొరియామాది. పాత్రల మధ్య మాటలు బాగున్నాయి, కొన్నిచోట్ల నవ్వొస్తుంది. పోరాటాలే విసుగు. గళ్ల మ్యాప్ మీద కదులుతూ ఒకే రకం క్లోన్లతో మళ్లీ మళ్లీ కొట్టుకోవడం, కంప్యూటర్ చాలాసేపు నిద్రపోతున్నట్టు ఆడటం. మూడో భాగానికి వచ్చేసరికి ఓపిక పోతుంది. ఆర్కేడ్ మోడ్ నయం. కష్టమైన కోర్సులు నిజంగానే కష్టం. విడుదలైనప్పుడు బ్లూ గోకూ, బ్లూ వెజిటా కావాలంటే హార్డ్ కోర్సులు మంచి ర్యాంక్‌తో గెలవాల్సి వచ్చేది, లేదా ఆటలో సంపాదించే డబ్బు జెనీ పోగుచేయాల్సి వచ్చేది. జెనీతో కొనే క్యాప్సూళ్లలో వచ్చేవి రంగులు, లాబీ బొమ్మలు మాత్రమే. ఆటలో బలం పెంచేదేదీ వాటిలో ఉండదు.

ఒకే సోఫాలో ఇద్దరు కూర్చుని ఆడటానికి మాత్రం ఇది గొప్ప గేమ్. రెండో కంట్రోలర్ ఉంటే చాలు.

ఆన్‌లైన్: ఏ మెషీన్ మీద కొన్నారన్నదే అంతా

మొదటి ఆరేళ్లు ఈ గేమ్ ఆన్‌లైన్ పాత పద్ధతిలో నడిచింది. రెండు మెషీన్లూ ఒకదాని బటన్ కోసం ఇంకోటి ఎదురుచూస్తాయి. దూరం పెరిగేకొద్దీ మీరు నొక్కిన బటన్ ఆలస్యంగా పడుతుంది. ఆ ఆలస్యం మ్యాచ్ మధ్యలో మారుతుంటే ఇంకా ఘోరం. పైన చెప్పిన కాంబోలో చిటికెడు ఆగే చోటు ప్రతిసారీ వేరుగా వస్తుంది. చూసి సూపర్ డ్యాష్‌ని కొట్టడం అసాధ్యమైపోతుంది.

2024 ఫిబ్రవరి 29న పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్, పీసీ వెర్షన్లకి రోల్‌బ్యాక్ వచ్చింది. ఇందులో మెషీన్ ఎదురుచూడదు. అవతలివాడు ఏం చేస్తాడో అంచనా వేసి ఆట నడిపేస్తుంది. అంచనా తప్పితే కొన్ని ఫ్రేములు వెనక్కి తిప్పి సరిచేస్తుంది. మీ బటన్ మాత్రం ఇంట్లో ఆడినట్టే పడుతుంది. ఆ మర్నాడే, మార్చి 1న, తొరియామా కన్నుమూశారు. ఆ వార్త తెలిశాక చాలామంది పాత ఆటగాళ్లు ఈ గేమ్‌ని మళ్లీ తెరిచారు. తెరిచినవాళ్లకి అప్పటిదాకా లేని మంచి ఆన్‌లైన్ దొరికింది.

పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్, స్విచ్ వెర్షన్లకి రోల్‌బ్యాక్ రాలేదు. వేర్వేరు మెషీన్ల మధ్య ఆడే వీలూ లేదు. మీ తమ్ముడికి పీసీ, మీకు పీఎస్5 ఉంటే ఇద్దరూ కలిసి ఆడలేరు. కొనేముందు మీతో ఆడేవాళ్లు ఏ మెషీన్ మీద ఉన్నారో అడగండి, ధర తర్వాత చూడండి.

మన దగ్గర నుంచి ఆడేవాళ్లు తక్కువ. ర్యాంక్డ్‌లో (ర్యాంక్ కోసం ఆడే మ్యాచుల్లో) పగలు ఎవరూ దొరకని రోజులుంటాయి. గల్ఫ్, సింగపూర్ వైపు ఆటగాళ్లతో రోల్‌బ్యాక్ మీద ఆట హాయిగా సాగుతుంది. అమెరికాలో ఉన్న అన్నతో హైదరాబాద్ నుంచి ఆడాలంటే మాత్రం రోల్‌బ్యాక్ కూడా దూరాన్ని చెరిపేయదు. అవతలి బొమ్మ ఒకచోటు నుంచి ఇంకోచోటుకి ఎగిరినట్టు కనిపిస్తుంది. సరదాకి సరే, లెక్కపెట్టుకునే మ్యాచులకి కాదు. స్నేహితులతో ఆడటానికి ర్యాంక్డ్ కన్నా రింగ్ మ్యాచ్ గది మేలు. ఎనిమిదిమంది దాకా చేరి వంతులవారీగా ఆడొచ్చు, మిగతావాళ్లు చూడొచ్చు.

ఇంటర్నెట్ ప్లాన్ వేగం ఎంతని చాలామంది అడుగుతారు. ఈ గేమ్‌కి వేగం పెద్దగా అక్కర్లేదు, నిలకడ కావాలి. వైఫైలో గోడ అవతల రౌటర్ ఉంటే పింగ్ (సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టే సమయం) ఎగిరెగిరి పడుతుంది, రోల్‌బ్యాక్ మాటిమాటికీ వెనక్కి తిప్పాల్సి వస్తుంది. రౌటర్ నుంచి మెషీన్‌కి ఒక ల్యాన్ కేబుల్ లాగండి. ఈ గేమ్ కోసం పెట్టే ఖర్చుల్లో అన్నిటికన్నా ఫలితమిచ్చేది అదే.

టీవీలో గేమ్ మోడ్ వేశారో లేదో కూడా చూసుకోండి. 60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేమ్ 17 మిల్లీసెకన్ల లోపే. బొమ్మని మెరుగుపెట్టే సెట్టింగులు ఆన్‌లో ఉంటే టీవీ ఒక్కటే కొన్ని ఫ్రేములు తినేస్తుంది. సూపర్ డ్యాష్‌ని చూసి కొట్టలేకపోతున్నామని బాధపడేవాళ్లు ముందు ఈ సెట్టింగ్ చూడాలి. కంట్రోలర్‌లో స్టిక్ కన్నా డీ-ప్యాడ్ నయం. పావు చుట్టు తిప్పేటప్పుడు స్టిక్ పొరపాటున పై మూలకి పోయి గెంతు పడుతుంది.

ఏం కొనాలి

మొదట ఉత్త గేమ్ చాలు. అందులోని 24 మందితోనే పైచెప్పినవన్నీ నేర్చుకోవచ్చు. ఆర్నెల్లు ఆడాక ఇంకా ఆడాలనిపిస్తే, డిస్కౌంట్ సమయంలో పాస్‌లు, అంటే అదనపు ఫైటర్ల ప్యాకేజీలు, తీసుకోండి. మొదటి పాస్‌లో బార్డాక్, బ్రోలీ, విలీన జమాసు, వెజిటో, కూలర్, ఆండ్రాయిడ్ 17, మామూలు గోకూ, మామూలు వెజిటా వస్తారు. ఎనిమిదిమంది, లెక్క ప్రకారం అదే లాభం. రెండో పాస్‌లో ఆరుగురు, మూడోదాంట్లో ఐదుగురు. ల్యాబ్ కోట్ ఆండ్రాయిడ్ 21 విడిగా. అనిమే పాటల ప్యాక్ కూడా విడిగానే అమ్ముతారు. పాత సీరియల్ పాటలు వినిపిస్తూ కొట్టుకోవాలని ఉంటే తీసుకోండి, ఆటలో దాంతో తేడా ఏమీ రాదు.

పీఎస్4 డిస్క్ లేదా డిజిటల్ కాపీ ఇప్పటికే ఉండి పీఎస్5కి మారుతున్నవాళ్లు మళ్లీ కొనకండి, అప్‌గ్రేడ్ ఉచితం. డిస్క్ అయితే డ్రైవ్ ఉన్న పీఎస్5 కావాలి. ముందు పీఎస్4 వెర్షన్‌లోంచి సేవ్ డేటా పైకి పంపి, తర్వాత పీఎస్5 వెర్షన్‌లో దించుకోండి. ఆ తర్వాత హోమ్ స్క్రీన్ మీద రెండు వెర్షన్లూ ఉంటే, తెరిచింది పీఎస్5దో కాదో గేమ్ పేరు పక్కన చూసుకోండి. పీఎస్4 వెర్షన్ తెరిస్తే పీఎస్5 మెషీన్ మీద కూడా ఆన్‌లైన్‌లో ఆ పాత ఆలస్యంతోనే ఆడాల్సి వస్తుంది.